బిళ్లమామ గుప్పెడు

గురువారం పొద్దున క్యాంటీను తలుపు తీసి లోపలికి రాగానే పెద్దక్క చేసే మొదటి పని ఎవరికీ తెలియదు. లోపల గడియ వేసుకుని చేసేది. పెద్ద గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు ముందురోజు సాయంత్రం అన్న దుకాణం నుంచి తెచ్చిన సాసేజీలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ఫోర్కుతో నాలుగేసి పోట్లు పొడిచేది. పొడిచి నీళ్లలో జారవిడిచేది. అరగంట సన్నమంట మీద ఉంచి, ఆ నీళ్లు తూములో పారబోసి, తూము మీద ఇంకో రెండు చెంబులు మంచినీళ్లు కుమ్మరించేది. వాసన కూడా మిగలకూడదని.

సాసేజిని అలా పొడవడం అన్న చూస్తే ఏమంటాడో ఆమెకు తెలుసు. ఏమీ అనడు. ఆమెకు భయం అందుకే.

పంది మాంసం సాసేజికి చిల్లు పెట్టకూడదన్నది ఆయన ఆమెకు పదేళ్లప్పుడు చెప్పిన మొదటి పాఠం. చిల్లు పెడితే రసమంతా కారిపోయి లోపల రంపపు పొట్టు మిగులుతుందని చెప్పాడు. చల్లటి పెనంలో పెట్టి, రెండు చెంచాల నీళ్లు పోసి, మంట తగ్గించి, నీళ్లు ఇగిరాక దాని కొవ్వులో దాన్నే అటూ ఇటూ దొర్లించాలి. తొందరపడితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఈ మాటలన్నీ పెద్దక్క తన చేత్తో కాగితం మీద రాసి క్యాంటీను గోడకు అంటించింది. తాను లేనప్పుడు వండేవాళ్ల కోసం. ఉడకబెట్టి నీళ్లు పారబోయమని మాత్రం ఆ కాగితంలో లేదు. అది ఆమె గుట్టు.

ఆ క్యాంటీను బస్సులు బాగుచేసే షెడ్డులోది. ఎనభై మంది పని చేస్తారు. రేపో మాపో రిటైరయ్యే ఇంజను మేస్త్రీతో సహా అందరూ ఆమెను పెద్దక్కా అనే పిలుస్తారు గాని, పుట్టింటి లెక్కలో ఆమె కడగొట్టుది. అన్న ఆమెకన్నా పదకొండేళ్లు పెద్ద. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే జడ వేసి బడికి పంపింది ఆయనే. వేసిన జడ సాయంత్రానికి ఊడేది కాదు. పేగుకు ముడి వేసినట్టు వేసేవాడు.

అన్నది రెండు వీధుల అవతల చిన్న దుకాణం. ఎదర గాజు పెట్టె, వెనక కైమా మిషను, పక్కన మాంసం కొట్టే మొద్దు, ఒక తూకం, ఒక ఫ్రిజ్, ఒక డీప్ ఫ్రీజరు. ఆయన అసలు పేరు చుట్టుపక్కల సగం మందికి తెలియదు. బిళ్లమామ అంటారు. ఆ పేరు ఆయన పని తీరును బట్టి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం కైమా కలిపాక, పేగుల్లోకి ఎక్కించే ముందు, అందులోంచి నిమ్మకాయంత తీసి బిళ్లలా తట్టి చిన్న పెనం మీద పూర్తిగా కాలుస్తాడు. సగం తాను తింటాడు. కళ్లు మూసుకుని నములుతాడు. ఆనక ఉప్పు చాలకపోతే ఉప్పు, మిరియం చాలకపోతే మిరియం. తూకం ఉన్నది మాంసానికే. ఉప్పుకు ఆయన చెయ్యే తూకం, నాలుకే ముల్లు. మిగతా సగం బిళ్ల చెల్లెలి నోట్లో పెడతాడు. ఆమె పదేళ్లప్పుడు మొదలైంది, యాభై రెండేళ్లొచ్చినా ఆగలేదు. బుధవారం ఆమె షెడ్డు నుంచి నేరుగా అక్కడికి వెళ్లి, బిళ్ల తిని, క్యాంటీనుకు సరుకు తీసుకుని ఇంటికి పోతుంది.

చలికాలంలో అన్నకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. లేచాక మనిషి బాగానే ఉన్నాడు. వెల్లుల్లి వాసన పసిగడుతున్నాడు, మిరియం తగిలితే దగ్గుతున్నాడు. ఉప్పు దగ్గరే వచ్చింది చిక్కు. లేచిన వారంలోనే బిళ్ల నమిలి, ఈ బస్తా ఉప్పులో పస లేదే చిట్టీ అన్నాడు. ఇంకాస్త వేశాడు. ఆ సగం బిళ్ల నోట్లో పడగానే ఉప్పుకు పెద్దక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు. జ్వరపడి లేచి, చొక్కా భుజాలు జారిపోయి ఉన్నాడు. బాగుంది అన్నయ్యా అనేసింది.

ఒకసారి అన్నాక రెండోసారి సులువైంది. ఇరవై బుధవారాలు అలా అంటూనే ఉంది. ఈలోగా ఆయన రెండు కొట్లు మార్చి ఉప్పు తెచ్చాడు. రాళ్లుప్పు తెచ్చి దంచి చూశాడు. పూర్వపు ఉప్పే వేరు, ఇప్పుడు అన్నీ కల్తీ అని వచ్చినవాళ్లతో చెప్పేవాడు. వచ్చినవాళ్లు తలూపేవారు. ఆయన ఎదుట ఆయన సరుకుకు వంక పెట్టే అలవాటు ఎవరికీ లేదు. ఇంటికి పోయి ఏం చేసుకునేవాళ్లో వాళ్లకే తెలియాలి.

పెద్దక్క మాత్రం గిన్నె పెట్టుకుంది.

వేసవి చివర్లో ఆమె దవడ పన్ను వాచింది. దాన్ని తీయించుకోవడానికి ఒక గురువారం పని మానక తప్పలేదు. ఆ రోజు వంట కూరగాయలు తరిగే పిన్ని చేసింది. పిన్ని నెమ్మదస్తురాలు, గోడ మీది కాగితాన్ని అక్షరం వదలకుండా పాటించే మనిషి. చల్లటి పెనం, రెండు చెంచాల నీళ్లు, సన్నమంట. సాసేజీలు బంగారు రంగులో నిగనిగలాడాయట. మధ్యాహ్నానికి మంచినీళ్ల కూజాలు మూడుసార్లు నింపాల్సి వచ్చింది. టైర్ల దగ్గర పనిచేసే పొడుగాయన పళ్లెం వెనక్కి తెచ్చి, పిన్నీ, వీటిని సముద్రంలో కాపురం పెట్టించి తెచ్చావా అని అడిగాడట. పిన్ని మొహం చిన్నబోయింది. గోడ మీద ఎలా ఉందో అలాగే చేశాను బాబూ అంది.

ఆ మాట నర్సమ్మ చెవిన పడింది. నర్సమ్మ వారానికి రెండు రోజులు షెడ్డుకు వస్తుంది. అంతకు నెల ముందే ఎనభై మందికీ రక్తపోటు చూసింది. ముప్పై ఒక్క మందికి ఎక్కువగా ఉంది. అప్పుడే పెద్దక్కతో కూర్చుని వారం భోజనాలు మార్చింది. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు గింజలు, మిగతా పావులో మాంసం. సాసేజీ వారానికి ఒక్కసారే, మనిషికి సగమే. పెద్దక్కకు ఇది బాగానే నచ్చింది. ముందు తిట్టుకున్న షెడ్డు వాళ్లు కూడా చిక్కుడు గింజల్లో సాసేజి ముక్కలు కలిసేసరికి దారికొచ్చారు.

శుక్రవారం పెద్దక్క దవడకు గుడ్డ కట్టుకుని పనిలోకి వచ్చేసరికి నర్సమ్మ వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"పెద్దక్కా, మీ అన్నయ్య కిలో మాంసానికి ఉప్పెంత వేస్తారు?"

"గుప్పిళ్లతో వేస్తాడు నర్సమ్మా. రుచి చూసుకుని ఇంకాస్త."

"గుప్పెడంటే ఎవరి గుప్పెడు?"

పెద్దక్క తన చెయ్యి చూసుకుంది. అన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ అరచేతిలో ఆమె మొహమంతా పడుతుంది. దవడ పట్టుకుంది. పన్ను నొప్పి మంచి సాకైంది.

నర్సమ్మ కోప్పడే మనిషి కాదు. మూడు ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పరిచింది, వేర్వేరు కంపెనీల సాసేజీలు. వాటి వెనక రాసిందెలా చదవాలో చూపించింది. మాంసం నూటికి ఎంత, వంద గ్రాముల్లో కొవ్వెంత, ఉప్పెంత. ఒకదాంట్లో మాంసం సగమే, మిగతాది పిండీ నీళ్లూ. ఇంకోదాంట్లో మాంసం బాగానే ఉంది, ఉప్పే ఎక్కువ. మూడోది అన్నిటా పరవాలేదు. పెద్దక్క వాటిని తన పద్ధతిలో చూసింది. వేలితో నొక్కింది, వెలుతురులో పెట్టింది. లోపల కొవ్వు తెల్లటి చుక్కల్లా విడివిడిగా కనిపిస్తే చేత్తో శ్రద్ధగా కలిపినట్టు. అంతా ఒకటే లేత గులాబీ ముద్దగా ఉంటే బాగా నూరేశారన్నమాట, ఏం కలిపారో దేవుడికెరుక. ప్యాకెట్లో అడుగున నీళ్లు చేరితే పాతది. బూడిద రంగు తిరిగినా, పైన జిగురు తగిలినా వేలు పెట్టనే కూడదు. ఇవన్నీ చెప్పి, ఆ మూడోది మాత్రం నిజంగా మంచిదేనమ్మా అని ఒప్పుకుంది. 

వచ్చే గురువారం దాకా చూస్తానని నర్సమ్మ అంది. ఉప్పెంతో లెక్క చెప్పగలిగి, ఆ లెక్క తగ్గితే మీ అన్నయ్య సరుకే తెచ్చుకోండి. లేకపోతే ఆ పై వారం నుంచి మూడో ప్యాకెట్టు. ముప్పై ఒక్క మంది ఉన్నారు పెద్దక్కా, నన్నేం చెయ్యమంటారు అంది. అందులో తప్పు పట్టడానికేం లేదు.

పెద్దక్క ఆ రోజంతా ఉల్లిపాయలు వలుస్తూ ఆలోచించింది. క్యాంటీను వేరే సరుకు తెచ్చుకుంటే అన్న తట్టుకుంటాడు. దుకాణం ఆగిపోదు. కాని ఎందుకు మార్చారన్నది ఆయన చెవిన ఎవరో ఒకరు వేస్తారు. టైర్ల పొడుగాయన సముద్రం కథ ఇప్పటికే మూడు వీధులు తిరిగి ఉంటుంది. నాలుకే తూకమని నలభై ఏళ్లు బతికిన మనిషికి ఆ నాలుక పనికిరాదని పరాయివాళ్ల నోట తెలియకూడదు. చెబితే తానే చెప్పాలి. గురువారంలోపు చెప్పాలి. ఎలా చెప్పాలో ఒక్క ముక్క తోచలేదు.

ఆదివారం వదిన దగ్గరికి వెళ్లింది. అన్న దుకాణంలో ఉన్నాడు. వదిన ఫ్రిజ్ తుడుస్తోంది. సాసేజీలు కింది అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టింది, వాటి తడి కారి కూరగాయల మీద పడకుండా. రెండు రోజుల్లో తినేవి అక్కడ, మిగతావి తెచ్చిన పూటే నాలుగేసి చొప్పున పల్చగా పరిచి ఫ్రీజర్లో. ఒక్కో సంచి మీద తేదీ. రేపటికి కావాలంటే ఈ రాత్రే ఫ్రీజర్లోంచి కింది అరలోకి దించుతుంది గాని బల్ల మీద పెట్టి కరిగించదు. కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించదు. అన్నీ అన్న నేర్పినవే, ఆయన కన్నా గట్టిగా పట్టుకుంది.

పొయ్యి మీద గిన్నె ఉంది. మూత పక్కకు జరిగి ఆవిరి వస్తోంది. పెద్దక్క లోపలికి తొంగి చూసింది. నాలుగు సాసేజీలు నీళ్లలో తేలుతున్నాయి. ఒక్కోదానికి నాలుగేసి చిల్లులు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి వదినా?"

"ఆయన జ్వరం నుంచి లేచిన దగ్గర్నుంచి. నువ్వూనా?"

నేనూ అన్నట్టు తలూపింది. అంతే, నవ్వు ఆగలేదు వాళ్లకు. పెద్దక్క దవడ పట్టుకుని నవ్వింది. వదిన నేల మీద చతికిలబడి, ఫ్రిజ్ తలుపు తెరిచే ఉందని కూడా మరిచిపోయి నవ్వింది. నవ్వు తగ్గాక వదిన కళ్లు తుడుచుకుని, నువ్వే చెప్పాలి అంది. పెళ్లయిన మొదటేడు ఆయన చేసినదాని మీద ఒక మాటంటే మూడు రోజులు మజ్జిగ తాగి పడుకున్నాడట. అప్పటి నుంచి ఆ జోలికే పోలేదట. తోడబుట్టినదానివి, నిన్నేమీ అనడు అంది. ఏమీ అనకపోవడమే నా భయం వదినా అంది పెద్దక్క. వదిన లేచింది. గిన్నెలో నీళ్లు తూములో పారబోసింది. తూము మీద ఇంకో చెంబు నీళ్లు కుమ్మరించింది.

బుధవారం మూడున్నరకు పెద్దక్క దుకాణం వెనక గదిలోకి వెళ్లింది. అన్న పనిలో ఉన్నాడు. ఎనిమిది కిలోల జబ్బ మాంసం కైమా అయి పెద్ద పళ్లెంలో ఉంది. కొవ్వు పావు వంతుకు మించకుండా చూసుకుని మిగతాది కోసి పక్కన పెట్టాడు. చెల్లెలు చెప్పాక చేసిన మార్పు అది. దానికి మారు మాట్లాడలేదు. మోచేతుల దాకా కడుక్కున్న చేతులతో కలుపుతున్నాడు. అప్పటికి రెండు గుప్పిళ్ల ఉప్పు పడింది. వెల్లుల్లి, మిరియం, ఎండిన ఆకు పొడి పడ్డాయి. ఆమెను చూసి గడ్డంతోనే కూర్చోమన్నాడు.

బిళ్ల తట్టాడు. పెనం మీద పెట్టాడు. రెండు వైపులా కాలి, నొక్కితే తేట రసం వచ్చేదాకా ఆగాడు. సగం విరిచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆయన దవడలు కదలడమే చూస్తోంది. నమిలాడు, మింగాడు. కళ్లు తెరిచి ఉప్పు బస్తాలోకి చెయ్యి పెట్టి మూడో గుప్పెడు తీశాడు. పళ్లెం మీద చల్లి కలిపాడు. మళ్లీ బిళ్ల తట్టి, కాల్చి, సగం తిని, ఈసారి తలూపాడు. మిగతా సగం ఊది చల్లార్చి ఆమె ముందుకు చాచాడు.

పెద్దక్క నోరు తెరిచింది. నాలుక మీద పడగానే దవడలో పన్ను తీసిన చోట భగ్గుమంది. నమిలింది. మింగింది. ఆయన చూస్తున్నాడు.

"ఉప్పెక్కువైంది అన్నయ్యా."

ఆయన చెయ్యి పెనం పిడి మీద ఆగింది.  ఆమె నోరు ఎండుకుపోయి ఉంది, నీళ్లు అడగబుద్ధి కాలేదు.

"ఎంత ఎక్కువ?"

"చాలా ఎక్కువ."

"ఈసారేనా?"

ఈసారేనని చెప్పడానికి ఒక్క తలూపు చాలు. ఆ తలూపు దాకా వచ్చింది కూడా. కాని ఆయన ఆమె మొహం మీంచి చూపు తీయలేదు.

"నీ జ్వరం తరువాత నుంచి," అంది.

అన్న స్టవ్వు కట్టేశాడు. పెనం పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేలకేసి చూశాడు. ఆమె అనుకున్నది అదే, ఇక మాట్లాడడు, మూడు రోజులో ముప్పై రోజులో. అంతలో ఆయనే నోరు తెరిచాడు. కోపంగా లేదు గొంతు.

"నాలుక సంగతి నాకు తెలుసే చిట్టీ."

ఆమెకు అర్థం కాలేదు.

నెమ్మదిగా చెప్పాడు. మంచం దిగిన వారమే తేడా తెలిసిందట. అన్నం చప్పగా, పులుసు చప్పగా, కన్నీళ్లు పెదాల మీదికి వచ్చినా చప్పగా. ఎప్పుడు ఏడ్చాడో ఆమె అడగలేదు. ముందు నాలుక మీదే అనుమానం వచ్చింది. సగం బిళ్ల ఆమె నోట్లో పెట్టి మొహం చూశాడు. బాగుందంది. అయితే నాలుక బాగానే ఉంది, ఉప్పే పాడైందనుకున్నాడు. అందుకే కొట్లు మార్చాడు. నెల రోజులొచ్చే బస్తా మూడు వారాలకే అయిపోతుంటే, పస లేని ఉప్పు మరి ఎక్కువే పడుతుంది అనుకున్నాడు. వారం వారం అనుమానం వచ్చేది. వారం వారం ఆమె బాగుందనేది.

"నేను నా నాలుకను నమ్మి వెయ్యలేదే. నీ మాటను నమ్మి వేశాను."

 ఇన్నాళ్లూ పెద్దక్క తాను ఆయన్ను కాపాడుతున్నాననుకుంది. బాగుందన్నప్పుడల్లా ఆయన గుప్పిట్లో ఉప్పు తానే పోసింది. ఇరవై వారాలు పొడిచి, ఉడికించి, పారబోసిన నీళ్లన్నీ గుర్తొచ్చాయి. అది కూడా చెప్పేసింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఫోర్కు పోట్ల దగ్గర ఆయన మొహం ముడుచుకుంది. తక్కినదానికన్నా అదే ఎక్కువ తగిలినట్టుంది.

"పొడిచావా?"

"పొడిచాను."

"మీ వదిన?"

ఆమె పక్కనున్న తువ్వాలు తీసి మడత పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మూతి చివర ఎక్కడో కాస్త నవ్వులాంటిది వచ్చి పోయింది.

తరువాత ఆయన చేసిన పని ఆమె జన్మలో చూడనిది. బస్తాలోంచి గుప్పెడు ఉప్పు తీసి తూకం మీద పోశాడు. అరవై నాలుగు గ్రాములు. దాన్ని తిరిగి బస్తాలో వేసి ఇంకోసారి తీశాడు. అరవై ఐదు. చెయ్యి తప్పలేదు అన్నాడు తనలో తాను. చెయ్యి మీద ఆయనకు గౌరవం మిగిలిందని ఆమెకు సంతోషం వేసింది. అలాంటివి మూడు, ఎనిమిది కిలోలకు. జ్వరానికి ముందు రెండుకు కాస్త తక్కువే పడేవి.

కలిపిన ఉప్పును వెనక్కి తీయలేరు. మాంసాన్ని పెంచవచ్చు. మర్నాటి కైమాకని ఉంచిన ఐదు కిలోల జబ్బ మాంసం ఫ్రిజ్‌లోంచి తీశాడు. ముక్కలు కోసి మిషన్లో వేశాడు. ఒక్కసారిగా కలపలేదు. కిలో కలిపి బిళ్ల కాల్చి, తాను ముట్టుకోకుండా ఆమెకిచ్చాడు. ఇంకా ఉంది అంది. ఇంకో కిలో. ఇంకా ఉంది. ఆమె అలా అన్న ప్రతిసారీ ఆయన మళ్లీ మిషను తిప్పేవాడు. మధ్యలో నీళ్లు ఇచ్చి పుక్కిలించమన్నాడు. నాలుగో కిలో దగ్గర దగ్గరికొచ్చింది అంది. ఐదోది పడ్డాక నమిలి, మింగి, ఇక చాలు అంది.

"మొహమాటానికి చెప్పకు."

"మొహమాటం లేదు. ఉప్పు సరిపోయింది."

పేగులు నీళ్లలో నానుతున్నాయి. ఇంటి నుంచి వదినను పిలిపిస్తే వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి ఏం జరిగిందో తెలుసుకుని, ఏమీ తెలియనట్టు పేగులు విడదీసింది. చెల్లెలు కైమా ఎక్కించింది, అన్న ముడులు వేశాడు. ఫోర్కులు పారేశావా అని వదినను అడిగాడు. ఆవిడ తల వంచుకుని, రేపు పారేస్తానండీ అంది.

గురువారం పొద్దున పెద్దక్క గడియ వేసుకోలేదు. పిన్ని వచ్చేసరికి చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి, రాత్రే నానబోసినవి. నలభై సాసేజీలు పెనాల్లోకి ఎక్కాయి, చల్లటి పెనంలో, చిల్లు లేకుండా. వాటిలోంచి కారిన కొవ్వు సగం వంచేసింది. మిగతా సగంలో ఉల్లిపాయలు, క్యారెట్లు, ఆ పైన సన్నగా తరిగిన క్యాబేజీ వేసి మెత్తబరిచింది. టమాటాలు, గింజలు వేసింది. కుండలో ఉప్పు చిటికెడు కూడా వెయ్యలేదు. సాసేజీలోది చాలు. ఒకటి కోసి నడిమధ్య పచ్చిదనం లేదని చూసుకున్నాక అన్నిటినీ ఏటవాలు ముక్కలు చేసి పైన పేర్చింది. చివర్లో నిమ్మరసం.

పన్నెండున్నరకు అన్న వచ్చాడు. ఏళ్ల తరబడి ఈ క్యాంటీనుకు సరుకు పంపాడే గాని గడప తొక్కలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. షెడ్డు వాళ్లు బిళ్లమామ వచ్చాడని జరిగి చోటిచ్చారు. టైర్ల పొడుగాయన పళ్లెంలోకి తల దూర్చుకున్నాడు. నర్సమ్మ ఎదురుగా కూర్చుని తన ప్రశ్న ఆయన్నే అడిగింది. కిలోకి పదిహేను గ్రాముల లోపే నర్సమ్మా, తూచి చూశాను అన్నాడు. వచ్చేసారి పన్నెండుకు దించి చూస్తానన్నాడు. రుచి చెప్పే మనిషి ఉంది అన్నాడు. నర్సమ్మ రాసుకుంది. రెండు ముక్కలు తిని, ఇంకో చెంచా గింజలు వేయించుకుంది. ప్యాకెట్ల మాట ఎత్తలేదు.

జనం పల్చబడ్డాక పెద్దక్క చేతులు తుడుచుకుంటూ అన్న బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన పళ్లెం ఖాళీ అయింది. గింజ కూడా మిగల్లేదు. ఆయనకు ఏం రుచి తెలిసిందో ఏం తెలియలేదో ఆమె అడగలేదు.

"చెప్పు," అన్నాడు.

 బాగుందనే ఎప్పటి మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"మిరియం చాల్లేదు. మాంసం పెరిగింది కదా, దానికి తగ్గట్టు వెయ్యలేదు మనం."

"ఊ."

"కైమా మరీ మెత్తగా నలిగింది. రెండోసారి మిషన్లో వేశావా?"

"వేశాను."

"వెయ్యకు. పంటికి తగలాలి."

 అన్న తల ఊపాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు, ఏదో చదవబోతున్నట్టు. చదవడానికి అక్కడేమీ లేదు, చెల్లెలి మొహం తప్ప.

"ఇంకేమన్నా ఉందా?"

"ఉంది," అని పెద్దక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.